ఎర్రపట్టీ విప్పని తెంజిన్ సుందూ

ఒడిశాలో మన పొరుగునున్న గజపతి జిల్లా చంద్రగిరిలోను, కర్ణాటకలోని బైలకుప్పెలోను టిబెటన్లు అరవై సంవత్సరాలకు పైగా నివసిస్తున్నారు. చలికాలంలో మన పట్టణాలకు వచ్చి ఉన్ని దుస్తులు అమ్మేవారు వీరే. 1959లో దలైలామా వెంట సుమారు 80,000 మంది స్వదేశం విడిచి వచ్చారు. వీరు కోరేదేమిటో తెలుసుకోవాలంటే తెంజిన్ సుందూ కథ వినాలి.

ఈయన తల్లిదండ్రులు హిమాలయాలలో రహదారి పనులు చేసిన కూలీలు. ఆయన పుట్టినతేదీ ఎవరికీ గుర్తులేదు. మూడు కార్యాలయాల్లో మూడు తేదీలున్నాయని ఆయనే వ్రాశారు. (మన బడులలోనూ తేదీ తెలియని పిల్లలకు జూన్ 1 అని వేయడం మామూలే కదా!) మన పిల్లలకు తేదీ తప్పినా దేశం తప్పలేదు. ఆయన తరంవారికి మాత్రం, ఇక్కడే పుట్టినప్పటికీ, విదేశీయుల నమోదు పత్రమే చేతికిచ్చారు.

చెన్నై లయోలా కళాశాలలో చదివిన తరువాత 1997లో సుందూ లడఖ్ మీదుగా ఒంటరిగా టిబెట్‌లో ప్రవేశించారు. చైనా పోలీసులు పట్టుకొని, మూడు నెలలు చెరలో ఉంచి, వెనుకకు పంపివేశారు. 2002లో చైనా ప్రధాని ముంబయి వచ్చినపుడు ఆయన బసచేసిన హోటలు భవనమెక్కి టిబెట్ జెండా ఎగురవేశారు. 2005లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ గోపురంపైనా అదే పని చేశారు. టిబెట్ స్వతంత్రమయ్యేవరకు విప్పనని నుదుట ఎర్రపట్టీ కట్టుకున్నారు.

ఇక్కడొక భేదం గమనించాలి. 1988లో దలైలామా స్ట్రాస్‌బర్గ్‌లో చైనాలోనే స్వపరిపాలన చాలునన్న ప్రతిపాదన చేశారు. ప్రవాస పాలనాసంస్థ విధానం ఈనాటికీ ఆ మధ్యేమార్గమే. దలైలామాను గురువుగా పూజిస్తూనే సుందూ మాత్రం రంగ్జెన్, అనగా సంపూర్ణ స్వాతంత్ర్యం, కావాలంటారు. గురుభక్తి వేరు, రాజకీయాభిప్రాయం వేరు అన్న ఈ నిలకడ నాకు మెచ్చదగినదిగా తోస్తుంది.

2019లో చైనా అధ్యక్షుడు మామల్లపురం రాకముందే తమిళనాడు పోలీసులు ఆయనను విళుప్పురం జిల్లాలో నిర్బంధించారు. 2021లో ధర్మశాల నుండి ఢిల్లీకి కాలినడకన వెళ్ళారు.

1950 జనవరి 26 తరువాత, 1987 జూలై 1కి ముందు ఈ దేశంలో జన్మించిన టిబెటన్లు పుట్టుకతోనే భారత పౌరులని ఢిల్లీ హైకోర్టు 2010లో తీర్పు చెప్పింది. అయినా పౌరసత్వం పుచ్చుకుంటే పోరాటం పలుచనవుతుందేమోనని వెనుకాడేవారు, పిల్లల చదువుల కోసం పుచ్చుకునేవారు ఆ శిబిరాలలో ఇరుగుపొరుగునే ఉన్నారు.