రాతిపై నడచు ధ్వని: సంకేతములను వడగట్టు విధము

జేబునందుండు టెలిఫోను ఏకకాలమున రెండు పనులు చేయుచుండును. మన మాటను పంపుచునే అవతలివారి మాటను గ్రహించుచుండును. పంపునప్పు డది వెలువరించు బలము, గ్రహించునప్పుడు దానికందు బలముకంటె కోటానుకోట్ల రెట్లు అధికము. తిరుగలి విసరుచు పొరుగింటి గుసగుసలను వినవలసినవాని స్థితి వంటిది ఇది. వాడుకలోనున్న ఒక తరంగపట్టీయందు, ఫోను పంపు తరంగములు సెకనునకు 88 కోట్లనుండి 91.5 కోట్ల కంపనములవరకును, గ్రహించునవి 92.5 కోట్లనుండి 96 కోట్లవరకును ఉండును. రెండు పొలముల నడుమ గట్టు ఒక కోటి మాత్రమే. ఈవలి నీరు ఆవలికి పొంగకుండ ఆ గట్టును కాచు వడపోత లేనిచో, ఫోను తన కేకకు తానే చెవిటిదగును.

ఇట్టి వడపోతకు తీగచుట్టలను, కండెన్సరులను పూర్వమునుండి వాడుచున్నారు. కాని ఇంత సన్నని గట్టును కాచుటకు చిన్నచుట్టలు చాలవు. తీగయందలి నిరోధమువలన వాని పదును చెడును. తరంగమును నిదానముగా పరీక్షింతమన్న చోటు చాలదు. విద్యుత్తరంగము సెకనునకు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, 90 కోట్ల కంపనములుగల తరంగమున ఒక్కొక్క అల పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. ధ్వని కా చిక్కు లేదు. లిథియం నయోబేటు అను స్ఫటికము ఉపరితలమున ధ్వని సెకనునకు సుమారు 4 కిలోమీటర్లే నడచును. కాన అన్ని కంపనములుగల అలయే అచ్చట మిల్లీమీటరును వేయిపాళ్లు చేసినచో అందు నాలుగున్నర పాళ్లంత పొడవునకు కుదించుకొనిపోవును. వందల అలలు గోరంత చోటులో ఇముడును.

విద్యుత్తును ధ్వనిగా మార్చు విద్య పాతది. పలుగురాతి స్ఫటికము వంటివానిని నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో ప్యారిసునగరమున క్యూరీ సోదరులు కనుగొనిరి. విద్యుత్తు తగిలినచో స్ఫటికము సాగి ముడుచుకొనుననియు మరుసటియేడు నిరూపించిరి. ఘనపదార్థముల ఉపరితలము నంటిపెట్టుకొని నడచు అలలు కలవని 1885లో ఇంగ్లండునందు రేలీ ప్రభువు గణితముచే చూపెను. భూకంపమున నేలపై ప్రాకు అలలలో ఇదియు నొక తెగ. ఈ రెంటిని 1965లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున వైట్, వోల్ట్‌మర్ అనువారు ఒక యుక్తిచే జతపరచిరి.

ఆ యుక్తి దువ్వెనల జత. మెరుగుపెట్టిన స్ఫటికఫలకముపై పలుచని లోహపుపొరతో రెండు దువ్వెనలను, రెండుచేతుల వ్రేళ్లను నడుమనడుమ చొప్పించినట్లు, ఎదురెదురుగా తీర్తురు. వానికి విద్యుత్తరంగము నిచ్చినచో పండ్లనడుమ రాయి సాగుచు ముడుగుచు అలను పుట్టించును. కొంత దూరమున నున్న మరియొక జత ఆ యలను మరల విద్యుత్తుగా మార్చును. ప్రక్కప్రక్క పండ్ల నడిమి దూరము అలలో సగమైనప్పుడు, అన్ని పండ్లయొద్ద పుట్టిన అలలును అడుగు కలిపి బలపడును. ఇతర కంపనముల అలలు అడుగు తప్పి తమలో తామే అణగిపోవును. పండ్ల జతలు 20 అయినచో సాగనిచ్చు మేర మధ్యకంపనసంఖ్యలో రమారమి 20వ వంతు. 100 అయినచో నూరవ వంతు. సన్నముగా నేరవలెనన్న పండ్లు పెంచవలెను.

అయినను పదును మాత్రమే చాలదు. సాగనిచ్చినంత మేర సమముగా సాగనీయవలెను, ఆపవలసినచోట పూర్తిగా నాపవలెను. పండ్లన్నియు ఒకే కొలతగా నుండి దువ్వెన తటాలున ముగిసినచో, ఆపవలసిన చోట్ల చిన్నచిన్న గుట్టలు లేచి అన్యసంకేతములు చొరబడును. దీనికి పరిహారముగా, ఎదురుపండ్లు నడుమ ఎక్కువగాను, కొసలకు పోవుకొలది తక్కువగాను ఒండొంటితో కలియునట్లు తీర్తురు. మృదంగమువలె నడుమ ఉబ్బి కొసలు సన్నగిల్లునన్నమాట. ఏ పంటి కెంత కలయిక వలయునో గణితము చెప్పును.

రెండవ దోషము ప్రతిధ్వని. గ్రహించు దువ్వెనను తాకిన అలలో కొంత వెనుకకు మరలి, మొదటి దువ్వెనను తాకి, మూడవ ప్రయాణముగా మరల వచ్చును. టెలివిజను పెట్టెలలో ఇది బొమ్మ ప్రక్కన నీడబొమ్మగా కానవచ్చెడిది. దీని నణచుటకు ఒక్కొక్క పంటిని రెండుగా చీల్చుదురు. అప్పుడు మరలిన అలలు ఒకదానినొకటి రద్దుచేసికొనును. మరియు బుద్ధిపూర్వకముగా సంకేతబలములో కొంత వదలుకొందురు. అసలు అల కొంత తగ్గినచో, దారిని మూడుమారులు నడచిన ప్రతిధ్వని అంతకంటె మిక్కిలిగా తగ్గును. తగ్గిన బలమును పిదప పెంచుకొనవచ్చును. కలిసిపోయిన ప్రతిధ్వనిని విడదీయుట కష్టము.

ఫోనులందు బలము వదలుకొనుటకు వీలు తక్కువ. కావున దువ్వెనకు ఇరుప్రక్కల లోహపుగీతలను అద్దములవలె నిలిపి, అలను వాని నడుమ ఊగించి, అట్టివానిని పెక్కింటిని నిచ్చెనవలె కూర్తురు. సెకనునకు 200 కోట్ల కంపనములకు పైబడినచో, అల్యూమినియం నైట్రైడు పలుచనిపొర మందములో ధ్వనిని ఊగించు వడపోతలను కూడ వాడుచున్నారు.

ఇక మూడవ శత్రువు వేడిమి. లిథియం నయోబేటుపై ఒక డిగ్రీ వేడి పెరిగినచో కంపనసంఖ్య పదిలక్షలకు సుమారు 75 చొప్పున దిగును. 40 డిగ్రీలు వేడెక్కినచో 90 కోట్లకు 27 లక్షలు. కోటి వెడల్పుగల గట్టులో నాలుగవ వంతునకు మించి కోసికొనిపోయినట్లే. కాన ఇసుకకు మూలద్రవ్యమైన సిలికాన్ డయాక్సైడును దువ్వెనలపై పూతగా పరతురు. వేడికి స్ఫటికమున అల మందగించును. ఈ పూతయందు వేగము హెచ్చును. ఒకదాని లోపమును రెండవది పూరించును.

అర్ధరాత్రమున వైద్యునికై చేసిన పిలుపు స్పష్టముగా వినబడినదన్న, అది ఇట్టి గట్లను దాటియే వచ్చినది. వడపోత నిర్మించువాడు మూడు చూచుకొనవలెను: అన్యమును ఎంతగా నాపెను, స్వీయమును ఎంత సమముగా పంపెను, ఎండలోను చలిలోను ఎంత నిలుకడగా నుండెను. వీనిలో ఏ యొక్కటి తప్పినను ఆ పిలుపు చెవికి చేరదు.