పక్షవాతం తగ్గినా... నీరసం ఎందుకు వదలదు?

చెయ్యి లేస్తోంది. మాట తిరిగొచ్చింది. ఆసరా లేకుండానే బాత్రూమ్‌కు వెళ్లి వస్తున్నారు. గండం గడిచిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నాన్నగారు మాత్రం స్నానం చేసి, టిఫిన్ తిని మళ్లీ మంచమెక్కుతారు. పేపరు చేతికిస్తే రెండు వార్తలు చదివి పక్కన పెట్టేస్తారు. ‘అలా పడుకుంటే ఎలా నాన్నా, కాస్త ఓపిక తెచ్చుకోండి’ అని మీరు అనే ఉంటారు. ఆయనకు లేనిదే ఆ ఓపిక!

పక్షవాతం బారినపడ్డ వారిలో ఇంచుమించు సగం మందిని ఈ నిస్సత్తువ వేధిస్తుంది. మామూలు అలసటైతే ఓ కునుకు తీస్తే పోతుంది. ఇది రాత్రంతా నిద్రపోయి లేచినా వదలదు. చేసిన పనికీ, వచ్చే అలసటకూ పొంతన ఉండదు. జబ్బు తీవ్రతతోనూ దీనికి పెద్దగా సంబంధం లేదు. స్వల్పంగా వచ్చి, నాలుగు రోజుల్లో ఇంటికొచ్చిన వారిలోనూ కనిపిస్తుంది. కొందరికి కొన్ని నెలల్లో తగ్గుతుంది, మరికొందరికి ఏళ్ల తరబడి ఉంటుంది. కాబట్టి దీన్ని బద్ధకం అనుకోవద్దు.

మెదడులో కొంత భాగం దెబ్బతిన్నాక, మునుపు అలవోకగా జరిగిన పనులకు కూడా ఇప్పుడు ప్రత్యేకంగా దృష్టి పెట్టాల్సి వస్తుంది. కాలు ఈడుస్తూ నడిచేవారికి అదే దూరానికి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. ఒకవైపు టీవీ మోగుతుంటే, మరోవైపు నలుగురు మాట్లాడుతుంటే ఏ మాట పట్టించుకోవాలో తేల్చుకోవటానికే మెదడు అలసిపోతుంది. పరామర్శకు వచ్చిన బంధువులు గంటల తరబడి కూర్చుంటే ఆ రోజంతా ఆయన డీలా పడిపోవటం ఇందుకే.

ఇంతటితో వదిలేయకూడదు. సరిచేయదగిన కారణాలూ చాలానే ఉంటాయి. మొదట రాత్రి నిద్ర గమనించండి. పెద్దగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడుతున్నారా? నిద్రలో శ్వాస ఆగే ఈ సమస్య పక్షవాతం వచ్చినవారిలో చాలా ఎక్కువ. దీన్ని వదిలేస్తే బీపీ కూడా పెరుగుతుంది. కుంగుబాటు మరో కారణం. దాదాపు మూడింట ఒకవంతు మందిలో ఇది ఉంటుంది. ఇష్టమైన సీరియల్ మీదా, మనవడి ముచ్చట్ల మీదా ఆసక్తి పోయిందంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇక మందుల సంచీ. బీపీకి ఇచ్చే బీటా బ్లాకర్లు, ఫిట్స్ మందులు, బిగుసుకున్న కండరాలను వదులుచేసే మాత్రలు, నరాల నొప్పి తగ్గించేవి... వీటిలో చాలావరకు మగత తెచ్చేవే. మోతాదు తగ్గించటమో, వేరేది ఇవ్వటమో డాక్టర్లు చూస్తారు. అంతేగానీ మీ అంతట మీరు ఆపేయొద్దు. బీపీ మందులు, రక్తం పలుచబరిచే మందులు హఠాత్తుగా మానేస్తే మళ్లీ పక్షవాతం ముంచుకురావచ్చు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, సోడియం తగ్గటం, షుగర్ హెచ్చుతగ్గులు మామూలు రక్తపరీక్షలతోనే బయటపడతాయి. షుగర్‌కు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవారికి, పూర్తి శాకాహారులకు బి12 కూడా చూడాలి. మింగటం కష్టమై సరిగా తినలేకపోయినా నీరసం తప్పదు.

ఇవన్నీ సరిచేశాక కూడా నిస్సత్తువ మిగిలితే? దానికంటూ కచ్చితంగా పనిచేసే మాత్ర లేదు. టానిక్కుల మీద డబ్బు పోయొద్దు. ఉన్న శక్తిని జాగ్రత్తగా వాడుకోవటమే దారి. ఏ వేళ ఎంత ఓపిక ఉంటుందో ఓ వారం రాసిపెట్టండి. ఫిజియోథెరపీ, బ్యాంకు పని వంటివి హుషారుగా ఉండే వేళకు పెట్టుకోండి. స్నానానికి స్టూలు వేయండి. ఓపిక పూర్తిగా అయిపోకముందే విశ్రాంతి ఇవ్వండి. బాగున్న రోజున అన్నీ ఒకేసారి చక్కబెట్టేస్తే మర్నాడు లేవలేరు. అలాగని మంచానికే పరిమితం చేయొద్దు. కదలక కండ బలం తగ్గితే అలసట మరింత పెరుగుతుంది. గుమ్మం దాకా నడవగలిగితే వచ్చే వారం గేటు దాకా. ఉద్యోగంలో చేరాల్సినవారు మొదట్లో సగం పూట పని అడగటం మంచిది.

ఒక్కటి మాత్రం మరచిపోవద్దు. ఈ నీరసం ఒళ్లంతా ఉంటుంది. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, ఒకవైపు చెయ్యి, కాలు పట్టు తప్పినా, మాట తడబడినా అది నీరసం కాదు. పడుకుంటే తగ్గుతుందని చూడకుండా వెంటనే 108కు ఫోన్ చేయండి.