వెలుగు తుపాకీకీ మందు తుపాకీకీ పోటీ పెడితే

సైన్స్ ఫిక్షన్ అభిమానుల మధ్య ఎప్పటికీ తెగని తగవు ఒకటుంది. కాంతిని విసిరే ఆయుధం మేలా, మందు కూరి పేల్చే తుపాకీ మేలా? దీన్ని తీర్చడానికి కృష్ణా డెల్టా చివరి భూములు మంచి చోటు. బందరులో ఫిరంగులు మోగిన కోట ఉంది, సైన్యానికి లేజరు పరికరాలు చేసే ఫ్యాక్టరీ ఉంది. దివిసీమలో నాగాయలంక దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రానికి 2024లో కేంద్రం పచ్చజెండా ఊపింది. ఇక గుడివాడ ప్రాంతంలోని నిమ్మకూరు నుంచి వెళ్లిన ఎన్టీఆర్ తెర మీద వేయని అస్త్రం లేదు. రెండు పక్షాల రికార్డులూ వరసగా చూద్దాం.

అన్నిటికన్నా పాత పోటీ

హెచ్.జి. వెల్స్ 1898లో అచ్చేసిన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' నవలలో అంగారకులు వేడి కిరణంతో ఊళ్లు తగలబెడతారు. ఎదురుగా ఉన్నవి ఇంగ్లండు ఫిరంగులు. గెలుపు కిరణానిదే అయినా, ఒకచోట ఫిరంగి గుండు సూటిగా తగిలి ఒక అంగారకుడి యంత్రం నదిలో కూలిపోతుంది. మొట్టమొదటి పోటీలోనే మందుగుండు ఖాతా తెరిచిందన్నమాట. నిజమైన లేజరును థియొడోర్ మైమన్ వెలిగించింది 1960 మే 16న. అంటే కథ 62 ఏళ్లు ముందుంది.

మహా పొడవైన ఫిరంగి

జూల్స్ వెర్న్ 1865 నాటి చంద్రయాత్ర నవలలో మనుషుల్ని చంద్రుడి మీదికి పేల్చే ఫిరంగి పొడవు 900 అడుగులు. అదే లెక్కన వెలుగు ఆయుధాల్లో మహాకాయం అనే బిరుదు 1977 నాటి 'స్టార్ వార్స్'లోని డెత్ స్టార్‌కి ఇవ్వచ్చు. ఒక్క దెబ్బకి గ్రహాన్నే పిండి చేసింది.

అతి ప్రమాదకరమైన లేజరు, పేల్చినవాడికే

ఫ్రాంక్ హెర్బర్ట్ 'డ్యూన్' (1965)లో లేజరు తుపాకులున్నాయి, ఒంటికి కట్టుకునే శక్తి కవచాలూ ఉన్నాయి. కిరణం కవచానికి తగిలితే అణుబాంబు లాంటి పేలుడు. కొట్టినవాడూ మిగలడు. అందుకని వేల ఏళ్ల తర్వాతి ఆ లోకంలో వీరులు కత్తులు పట్టుకుని తలపడతారు.

సెకనుకు ఎంత? అసలు లెక్క ఇదే

2025 ఏప్రిల్ 13న కర్నూలు జిల్లాలోని పరీక్షా క్షేత్రంలో డీఆర్‌డీఓ తన మార్క్-2(ఎ) లేజరు ఆయుధాన్ని పరీక్షించింది. తయారీకి నాయకత్వం హైదరాబాద్‌లో ఆ సంస్థకే చెందిన చెస్ (CHESS) ప్రయోగశాలది. ఎగిరే డ్రోన్లను అది కాల్చి పడగొట్టింది. దాని శక్తి 30 కిలోవాట్లని పత్రికలు రాశాయి. కొన్ని సెకన్లు పేల్చడానికయ్యే ఖర్చు రెండు లీటర్ల పెట్రోలు పాటిదని ప్రభుత్వ ప్రకటనే చెప్పింది.

ఇప్పుడు ఆ లేజరు పక్కన ఏకే-47ని పెట్టి చూడండి. దాని తూటా గొట్టం దాటేటప్పుడు మోసుకెళ్లే శక్తి సుమారు 2,000 జౌళ్లు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే సెకనుకు పది తూటాలు. అంటే 20 కిలోవాట్లు! వాహనం మీద ఎక్కించాల్సిన లేజరు చేసే పనిలో మూడింట రెండొంతులు, మ్యాగజైనుతో కలిపి ఐదు కిలోలు తూగని తుపాకీ చేసేస్తోంది.

కిటుకు మందులో ఉంది. ముప్పై తూటాల్లోనూ కలిపి ఉండే మందు యాభై గ్రాముల లోపే. ఎత్తుకు ఎత్తు చూస్తే మన సెల్‌ఫోన్ బ్యాటరీలో ఉండే శక్తి దీనికంటే మూడు నాలుగు రెట్లు తక్కువ, అంతే. కానీ బ్యాటరీ ఆ శక్తిని ఒక్కసారిగా బయట పెట్టలేదు. గాదె నిండా ధాన్యమున్నా గుమ్మం ఇరుకైనట్టు. మందు మాత్రం వెయ్యో వంతు సెకనులో ఉన్నదంతా కక్కేస్తుంది.

రెండోది వేడి. తుపాకీలో మూడింట రెండొంతుల శక్తి వేడిగా పోతుంది, అందులో కొంత ఖాళీ తూటా గుల్లతో పాటు బయటికి ఎగిరిపోతుంది. లేజరులోనూ నష్టం దాదాపు అంతే. 30 కిలోవాట్ల వెలుగు కావాలంటే 80 నుంచి 100 కిలోవాట్ల కరెంటు పెట్టాలి. మిగిలిన వేడినంతా లేజరే మోయాలి, చల్లార్చుకోవాలి. సినిమా వీరుడి నడుముకి వేలాడే పిస్టల్‌కి ఆ చల్లార్చే యంత్రం ఎక్కడ తగిలిస్తారో ఏ దర్శకుడూ చూపించడు.

లేజరుకి కలిసొచ్చేదీ ఉంది. ఏకే-47 మ్యాగజైను మూడు సెకన్లలో ఖాళీ. లేజరు కరెంటు ఉండి, చల్లార్చుకోగలిగినంతసేపూ పేలుతూనే ఉంటుంది.

అతి తక్కువ తన్ను

ఎన్‌సీసీలో త్రీనాట్‌త్రీ పేల్చినవాళ్ల భుజాన్నడగండి, తుపాకీ ఎలా తంతుందో చెబుతుంది. 30 కిలోవాట్ల లేజరు వెనక్కి తన్నే బలమెంతో తెలుసా? పది మిల్లీగ్రాముల బరువు పాటిది. తెర మీద లేజరు పేల్చి వీరుడు వెనక్కి తూలితే అది నటన.

అంతరిక్షంలో మోగిన ఫిరంగి

గాలి లేనిచోట తుపాకీ పేలదనుకుంటారు చాలామంది. పేలుతుంది. మండడానికి కావలసిన ఆక్సిజన్ మందులోనే ఉంటుంది. సోవియట్లు తమ సాల్యూట్-3 అంతరిక్ష కేంద్రానికి ఫిరంగి బిగించి, 1975 జనవరిలో, లోపల మనుషులెవరూ లేనప్పుడు భూమి మీంచే ఆజ్ఞ పంపి పేల్చారు. వ్యోమగామి చేత్తో ఏకే-47 పేలిస్తే ఏమవుతుంది? సూటుతో కలిపి 200 కిలోలుంటే, ఒక్కో తూటాకి సెకనుకు మూడు నాలుగు సెంటీమీటర్ల వేగంతో వెనక్కి జరుగుతాడు.

తూటాలు వేసుకునే లేజరు

ఇదే అన్నిటికన్నా వింత. 1984లో మాస్కోలోని సైనిక అకాడమీలో వ్యోమగాముల కోసం లేజరు పిస్టల్ చేశారు. కరెంటు సమస్యకి వాళ్లు కనిపెట్టిన మందు, నిజంగా మందే. ఎనిమిది తూటాల మ్యాగజైను, ఒక్కో తూటాలో భగ్గున మండే పొడి. ఆ మెరుపుతో లేజరు పుడుతుంది. రెండు పక్షాలూ ఒకే పిడిలో రాజీపడ్డాయి. శత్రువు కెమెరాల కళ్లు పొడవడం దాని పని. మనుషుల కళ్లు శాశ్వతంగా పోగొట్టేందుకే చేసే లేజరు ఆయుధాల్ని 1995లో అంతర్జాతీయ ఒప్పందం నిషేధించింది.

బందరు లేజరు: తుపాకీకి తోడు

1926లో బందరులో, అంటే మచిలీపట్నంలో, ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పుట్టింది. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. చీకట్లో చూసే పరికరాలు, దూరం కొలిచే లేజరు రేంజ్ ఫైండర్లు ఇక్కడ తయారవుతాయి. కిలోమీటరు దూరంలోని లక్ష్యానికి రేంజ్ ఫైండర్ పంపిన వెలుగు తగిలి తిరిగి రావడానికి సెకనులో పది లక్షో వంతులు ఏడైనా పట్టవు. అంతలో ఏకే తూటా కదిలేది అర సెంటీమీటరు. కథల్లో కొట్లాడుకునే వెలుగూ తూటా నిజం సైన్యంలో జట్టు కట్టాయి. వెలుగు దూరం చెబుతుంది, తూటా వెళ్లి తగులుతుంది. పామర్రు దగ్గర నిమ్మలూరులో ఇదే సంస్థ కట్టిన కొత్త ఫ్యాక్టరీని ప్రధాని 2025 అక్టోబరు 16న కర్నూలు నుంచి ప్రారంభించారు.

హంసలదీవి ఒడ్డున లేజరు హద్దు

కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి ఇసుకలో నిలబడి చూస్తే నీరూ ఆకాశమూ కలిసే గీత నాలుగైదు కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. వెలుగు వంగదు కనక ఆ గీత అవతల నీటి మీదున్న పడవకి లేజరు తగలదు. ఫిరంగి గుండు పైకెగిరి, వంపు తిరిగి, ఇరవై కిలోమీటర్లు దాటి కూడా పడుతుంది. పైగా తీరం గాలిలో తేమ, పొగమంచు, ఉప్పునీటి తుంపర. ఇవన్నీ కిరణాన్ని తినేస్తాయి, చెదరగొడతాయి. నాగాయలంక దగ్గర గుల్లలమోద తీరంలో ఎగరబోయే క్షిపణులకి ఈ బాధ లేదు.

వేషం కట్టిన తుపాకులు

'స్టార్ వార్స్'లో హాన్ సోలో చేతిలోని వెలుగు పిస్టల్ లోపల ఉన్నది జర్మనీ మౌజర్. తెల్ల కవచాల సైనికులవి బ్రిటిష్ స్టెర్లింగ్ తుపాకులు. పేలుడు శబ్దం కోసం బెన్ బర్ట్ రేడియో టవరుకి కట్టిన ఉక్కు తీగని సుత్తితో కొట్టి రికార్డు చేశాడు.

తెలుగు తెర రికార్డులు

మందు తుపాకీకి మన దగ్గర పట్టం కట్టింది 1971 నాటి 'మోసగాళ్లకు మోసగాడు', కృష్ణ కౌబాయ్ వేషం. సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' (1991) వెనక్కి 1526కీ, ముందుకి 2504కీ తీసుకెళ్లింది. నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ' (2024)లో భవిష్యత్తు ఆయుధాలు ఒక పక్క, అశ్వత్థామ చేతికర్ర మరో పక్క. అందులో బుజ్జి అనే కారు బొమ్మ కాదు, నిజంగా నడుస్తుంది. ఆరు టన్నుల బరువు, 94 కిలోవాట్ల మోటార్లు. పైన వేసిన లెక్క ప్రకారం కర్నూలు లేజరుకి కావలసిన కరెంటూ దాదాపు అంతే. సినిమావాళ్లు తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, లేజరు ఎక్కాల్సిన బండి సరిగ్గా ఆ సైజులోనే ఉంది.

మందుగుండు అయిపోయిన ముట్టడి

1759 మార్చిలో ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల బందరు కోటను చుట్టుముట్టాడు. ఏప్రిల్ 7 నాటికి ఫిరంగులకి రెండు రోజుల మందుగుండే మిగిలింది. ఇక ఆగితే పని కాదని ఆ రాత్రే కోట మీదికి ఎగబడ్డాడు. తెల్లారేసరికి కోట చేతికొచ్చింది. పట్టుబడ్డ ఖైదీలు పట్టుకున్నవాళ్ల కంటే ఎక్కువ. చేతిలో నెలల సరుకుంటే ఫోర్డ్ అంత తెగించేవాడు కాడు.

అతి తక్కువ తూటాలు: ఒక్కటి

'స్టార్ వార్స్' విడుదల 1977 మే 25. అంతకు నాలుగు నెలల ముందు, జనవరి 14న, 'దానవీరశూరకర్ణ' వచ్చింది. ఎన్టీఆర్ అందులో కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు మూడూ తానే. కవచ కుండలాలిచ్చి కర్ణుడు సంపాదించిన శక్తి ఆయుధం ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నది రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. దానికి రెండో దెబ్బ ఉండి ఉంటే కురుక్షేత్రమే మారిపోయేది. వెలుగు తుపాకీ కథ రాద్దామనుకునే కుర్రాళ్లు రంగూ మెరుపూ తర్వాత చూసుకోవచ్చు. అది ఎన్నిసార్లు పేలుతుందో ముందు తేల్చుకుంటే సగం కథ దానంతటదే నడుస్తుంది.