అయోడిన్ పడని వారు థైరాయిడ్ మాత్ర మానవచ్చునా?

థైరాయిడ్ గ్రంథి మందగించినందువల్ల ప్రతిదినం ప్రాతఃకాలంలో థైరాక్సిన్ మాత్ర సేవించే స్త్రీలు మన అనంతపురం ప్రాంతంలో నేడు ఎందరో ఉన్నారు. వారిలో కొందరు తరచుగా నన్నడిగే ప్రశ్న ఇది: "వేరుశనగ కాయలు ఒలిచేటప్పుడు చెయ్యి తెగితే అయోడిన్ మందు పూసినారు. చర్మమంతా ఎర్రబడి దద్దుర్లు లేచినాయి. నాకు అయోడిన్ పడదన్నారు. ఈ మాత్రలో కూడా అయోడిన్ ఉందంట. మానేసేదా స్వామీ?"

మానరాదు. ఎందువల్లనో వివరిస్తాను.

మాత్రలో అయోడిన్ ఉన్నమాట వాస్తవమే. థైరాక్సిన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. 100 మైక్రోగ్రాముల మాత్రలో సుమారు 65 మైక్రోగ్రాముల అయోడిన్ చేరి ఉంటుంది. కాని ఈ థైరాక్సిన్ పరాయి ద్రవ్యం కాదు. 1914లో అమెరికాలో కెండాల్ జంతువుల గ్రంథుల నుండి దానిని వేరుచేశాడు. 1927లో బ్రిటన్‌లో హారింగ్టన్, బార్జర్ దానిని ప్రయోగశాలలో తయారుచేశారు. అదే పదార్థం ఆరోగ్యవంతులందరి కంఠంలోనూ అనుక్షణం పుడుతున్నది. అయోడిన్ లేకుండా ఏ మానవుడూ జీవించలేడు.

పడనిది ఏది?

మన శాస్త్రంలో అసాత్మ్యం అనే మాట ఉన్నది. శరీరానికి పడని ద్రవ్యం అని దాని అర్థం. ఇక్కడ ద్రవ్యాన్ని సమగ్రంగా చూడాలి గాని అందులోని ఒక్క అంశను విడదీసి చూడరాదు. సోడియం నీటిలో పడితే మండే లోహం. క్లోరిన్ విషవాయువు. రెండూ కలిసిన ఉప్పును మనం నిత్యం సంగటిలో వేసుకుని భుజిస్తున్నాము. అయోడిన్ విషయమూ ఇంతే. గాయానికి పూసే మందు చర్మాన్ని మండించవచ్చు. ఒక్కొక్కప్పుడు అందులోని ఇతర పదార్థాలు పడకపోవచ్చు. రొయ్యలు పడనివారికి శత్రువు రొయ్యలోని మాంసకృత్తు, అయోడిన్ కాదు. స్కానింగ్ సమయంలో నరానికి ఎక్కించే మందు పడకపోవడం ఆ మందు అణువు యొక్క స్వభావం వల్ల. అటువంటి అనుభవం ఉన్నవారు మరల స్కానింగ్‌కు వెళ్ళినప్పుడు వైద్యునికి తప్పక చెప్పాలి. అంతమాత్రాన థైరాక్సిన్ మానవలసిన పని లేదు.

మాత్ర మొదలుపెట్టిన తరువాతనే దద్దుర్లు వస్తే ఏమిటి? మాత్రలో కలిపే రంగు, లాక్టోజు, పిండి పదార్థాలను ముందుగా అనుమానించాలి. వైద్యునికి చూపించి, రంగులేని మాత్రకో, మరొక కంపెనీ మాత్రకో మారవచ్చు. మారిన ఆరు, ఎనిమిది వారాలకు టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించుకోవాలి. ముఖం, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

మానినవారు మోసపోయే తీరు

మాత్ర మానిన వెంటనే బాధ కనిపించదు. రక్తంలోని థైరాక్సిన్ సగానికి తగ్గడానికే ఏడు రోజులు పడుతుంది. కనుక మొదటి వారంలో "మానినా బాగానే ఉన్నాను" అనిపిస్తుంది. ఆ తరువాత మెల్లగా మలబద్ధకం, చలి, ఒళ్ళు బరువు, మతిమరుపు, ముఖంలో ఉబ్బు తలయెత్తుతాయి. గర్భవతి మానితే కష్టం తల్లితో ఆగదు. తొలి మాసాలలో గర్భస్థ శిశువు మెదడు ఎదుగుదలకు తల్లి థైరాక్సినే ఆధారం.

సుశ్రుతుడు గళగండాన్ని వాతజ, కఫజ, మేదోజ భేదాలతో వర్ణించాడు. గండమాల, గళగండాలలో కాంచనార గుగ్గులు ప్రసిద్ధమైన ఔషధమే. కాని శస్త్రచికిత్సతో గ్రంథిని తొలగించినవారికి, గ్రంథి పూర్తిగా క్షీణించినవారికి ఏ చూర్ణమూ, ఏ గుగ్గులూ థైరాక్సిన్‌ను సమకూర్చలేవు. ఈ మాట గురుకులంలో చదువుకున్న వైద్యుడిగానే చెబుతున్నాను.

ఉప్పు సంగతి

అయోడిన్ భయంతో కొందరు ప్యాకెట్టు ఉప్పు మాని, కేవలం సైంధవ లవణమే వాడుతున్నారు. లవణాలలో సైంధవం శ్రేష్ఠమన్నది శాస్త్రవచనమే. అయితే అయోడిన్ కలపని సైంధవంలో అది చాలినంత ఉండదు. సముద్రానికి దూరమైన మన మెట్టప్రాంతంలో సముద్రపు చేపలు నిత్యాహారం కాదు. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భవతులకు 250 మైక్రోగ్రాములు అయోడిన్ కావాలి. దుకాణంలో అమ్మే అయోడిన్ ఉప్పు కిలోకు కనీసం 15 మిల్లీగ్రాములు కలిగి ఉండాలని నియమం. శ్రీకాకుళంలో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి హిమాలయ పాదాన కాంగ్రా లోయలో 1956లో ప్రారంభించిన పరిశోధన, ఇటువంటి ఉప్పుతో గళగండం తగ్గుతుందని నిరూపించింది. 1962లో ప్రభుత్వం దేశవ్యాప్త కార్యక్రమం చేపట్టింది. ఈ ఉప్పును తడి తగలని మూత డబ్బాలో ఉంచి, వంట పూర్తయ్యే వేళ వేయడం మంచిది.

అయోడిన్ మితిమీరితే మాత్రం కొందరి గ్రంథి నిజంగానే దెబ్బతింటుంది. థైరాయిడ్ రోగులు సముద్రపు నాచు గుళికలను సొంతంగా వాడరాదు. గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే ఎమియోడరోన్ 200 మిల్లీగ్రాముల మాత్రలో సుమారు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది; ఇది దినసరి అవసరానికి ఐదువందల రెట్లు. అది వాడేవారు థైరాయిడ్ పరీక్షలు మరువరాదు. తామంతట తాము ఆ మాత్రను మానరాదు.

మాత్ర వేసుకునే విధం

పరగడుపున మంచినీటితో మాత్ర వేసుకుని, అరగంట నుండి గంట వరకు కాఫీ గాని, రాగి అంబలి గాని, పాలు గాని త్రాగరాదు. శంఖ, ప్రవాళ, ముత్యపు చిప్ప భస్మాలలో సున్నపు అంశ ఉన్నది. లోహభస్మం, మండూరభస్మాలలో ఇనుము ఉన్నది. ఇవి థైరాక్సిన్‌ను ప్రేగులలోనే పట్టివేసి రక్తంలోకి పోనివ్వవు. కనుక వీటికీ, కాల్షియం, ఐరన్ మాత్రలకూ, థైరాక్సిన్‌కూ నడుమ నాలుగు గంటల వ్యవధి ఉండాలి. మా వద్ద మందు పుచ్చుకునేవారు థైరాయిడ్ మాత్ర సంగతి మాకూ, మా మందుల సంగతి ఇంగ్లీషు వైద్యునికీ దాచక చెప్పాలని నా మనవి.