తలుపు తీయని కంప్యూటరు

సంక్రాంతి మరలిన పిదప మన గుంటూరు ప్రాంతపు నల్లరేగడి భూములలో తీరిక యనునది యుండదు. ఒకవైపు ప్రత్తి లారీలు మిల్లులకు సాగుచుండును. మరియొకవైపు మిరపకల్లములు ఎఱ్ఱబారుచుండును. వెనుకటి దినములలో ఈ లెక్కలన్నియు గుమాస్తాల పద్దుపుస్తకములలో నుండెడివి. ఇప్పుడు కాటా తూకము మొదలు కోల్డు స్టోరేజిలో నిలువచేసిన మిరప టిక్కీల సంఖ్యవఱకు కంప్యూటరు నెక్కుచున్నవి. ఆ కంప్యూటరు ముందు కూర్చుండువారిలో మన యాడుబిడ్డలు పెక్కుమంది కలరు. కావున సోదరీమణులు ఈ విషయమును కొంత యెఱిగియుండుట మంచిదని మేము తలంచుచున్నాము.

మేమెఱిగిన యొక యమ్మాయి చిలకలూరిపేట చేరువ నొక ప్రత్తి మిల్లు ఆఫీసులో పనిచేయుచున్నది. ఆ యూరు 2022 ఏప్రిలు నుండి పల్నాడు జిల్లాలో చేరినది. పర్చూరు, మార్టూరు ప్రాంతములు ప్రకాశమును విడిచి బాపట్ల జిల్లాలో కలిసినవి. మా నోటికి మాత్రము పాతజిల్లాల పేర్లే వచ్చుచుండును.

పండుగ సెలవులు ముగిసిన యుదయమున ఆమె తన పేరును పాస్‌వర్డును కొట్టగా కంప్యూటరు లోనికి రానీయలేదు. "ఏమమ్మాయీ, అరిసెలతోపాటు పాస్‌వర్డు గూడ మ్రింగితివా?" అని పెద్దగుమాస్తాగారు హాస్యమాడిరి. "లేదండీ బాబాయిగారూ, సరిగానే కొట్టితిని" అని యామె యెంత చెప్పినను నమ్మినవారు లేరు. గుంటూరులోని నిపుణునకు ఫోను చేసి క్రొత్త పాస్‌వర్డు పెట్టించిరి. అదియు పనిచేయలేదు. వెలుపల లారీలు బారులు తీరియున్నవి. ప్రక్కబల్ల పిల్ల జాలిపడి, "అక్కా, నా కంప్యూటరులో నా పేరుమీదనే వ్రాయుము" అని తన చోటు విడిచి లేచెను. ఆ దినపు తూకములు పెక్కు ఆ పిల్ల పేరుననే యెక్కినవి.

వారము తిరిగినంతనే ఒక లారీ తూకములో తేడా బయటపడెను. సంజాయిషీ యెవరి నడిగిరి? పద్దులో నెవరి పేరున్నదో ఆ పిల్లను.

అసలు చిక్కెచ్చట నున్నదో తెలియుటకు ఈ యేర్పాటును కొంచెము వివరింపవలయును. పెద్ద కార్యాలయములలో ప్రతి కంప్యూటరును తన తాళము తాను తీసికొనజాలదు. ఉమ్మడి కుటుంబములో తాళపుగుత్తి అత్తగారి బొడ్డున నున్నట్లు, అందఱి పేర్లును పాస్‌వర్డులును సర్వరను నొక ప్రధాన యంత్రముకడ నుండును. ఆమె యేలుబడిలోని యంత్రముల సమూహమునకే డొమైను అని పేరు. మనము పేరు కొట్టగనే మన కంప్యూటరు సర్వరు నడిగి, ఆమె టిక్కెట్టు నొసగిననే తలుపు తీయును. విండోస్ 2000 మొదలు ఈ పరీక్షను నిర్వహించు పద్ధతికి కెర్బెరోస్ అని పేరు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున పుట్టిన ఈ పద్ధతికి, గ్రీకుల కథలలో పాతాళద్వారమును కాచెడి మూడుతలల కుక్క పేరు పెట్టిరి. మన యమధర్మరాజుగారి వాకిటి కుక్కలకు నాలుగేసి కన్నులు. కావలి విషయమున మనవారేమియు తక్కువవారు కారు.

ఈ కావలికుక్కకు గడియారమన్న మిక్కిలి పట్టుదల. పాత టిక్కెట్టును దొంగిలించి మరల చూపువారుందురను భయముచేత, సర్వరు కాలమునకును మన కంప్యూటరు కాలమునకును సాధారణముగ ఐదు నిమిషములకు మించి తేడా యుండరాదని నియమము. కంప్యూటరు లోపల రూపాయిబిళ్లవంటి చిన్న బ్యాటరీ యొకటి కలదు. కరెంటు లేనప్పుడు కాలము నిలుపునది యదియే. ఆ బిళ్ల నీరసించిన యంత్రమును సెలవులలో కట్టివేసినచో, మరల తెఱచునప్పటికి దానికి ఏనాటిదో తేదీ తోచును. తఱచుగా సర్వరే దానిని సరిదిద్దును. సరిదిద్దనప్పుడు పాస్‌వర్డెంత సరియైనను ప్రవేశము లేదు.

ఆ మిల్లులో జరిగినది యిదియే. తేదీలోను కాలములోను తేడా యున్నదని తెరమీద ఇంగ్లీషులో వ్రాసియే యున్నది! ఎవరును దానిని చదువలేదు. ఆడపిల్ల మరచియుండునని తీర్మానించిన పిదప చదువవలసిన పని యేమున్నది?

తక్కిన కారణములును కొన్ని కలవు. పాస్‌వర్డు తప్పని వచ్చినచో పెద్దయక్షరముల మీట పడియున్నదా, తెలుగు కీబోర్డు తెఱచియున్నదా, క్రింద డొమైను పేరునకు బదులు ఆ కంప్యూటరు పేరే యున్నదా చూడవలయును. వేసవిలో నెలదినముల సెలవు లుండు గుంటూరు మిరప యార్డువంటి చోట్ల పాస్‌వర్డునకు గడువు తీరిపోవుట సహజము. విండోస్ ముందుగా నేర్పరచిన గడువు 42 దినములు, యజమానులు దానిని మార్చుకొందురు. ఖాతాకు తాళము పడినదని మాటిమాటికి వచ్చినచో మీ ఫోనులోనో వేఱొక యంత్రములోనో పాత పాస్‌వర్డు దాగియుండి, మీకు తెలియకయే తలుపు కొట్టుచుండవచ్చును. సర్వరు కనబడలేదనినచో తీగ యూడినదేమో, ఎవరైన క్రొత్త ఇంటర్నెట్టు పెట్టెను తగిలించి సర్వరు చిరునామా తెలుపు దారిని మార్చిరేమో విచారింపవలయును. అట్టి వేళ, లోగడ ఆ యంత్రములో పనిచేసినవారిని అది జ్ఞాపకముచేతనే రానిచ్చి, క్రొత్తగా వచ్చినవారిని ఆపివేయును. "నాకు వచ్చినది, నీకేల రాదు?" అను పోట్లాటలకు మూలమిదియే.

ఏ మాట తెరమీద కనబడినదో దానిని ఒక చీటీపై ఉన్నదున్నట్లు వ్రాసికొనియో, ఫోనుతో ఫొటో తీసికొనియో నిపుణునకు చూపినచో, ఆయన పని సగము తగ్గును. ప్రక్కవారి పేరు మాత్రము ఎరువు పుచ్చుకొనవలదు; లారీలు కొంతసేపు నిలిచిన నిలుచుగాక, కాటా చీటీలపై చేతితో వ్రాసి పిదప ఎక్కింపవచ్చును.

మా యమ్మాయి ఆ సంగతి విన్న వెంటనే యజమాని యెదుటికి పోయి, కాటా చీటీ తీసి చూపి, అంకె తప్పు కొట్టినది తాననియే చెప్పెను. నాలుగు చీవాట్లు తగిలినవి. పిల్ల పేరు పద్దునుండి కొట్టివేసి అమ్మాయి పేరు వ్రాసిరి. గుంటూరు నుండి వచ్చిన నిపుణుడు కంప్యూటరు విప్పి బ్యాటరీ మార్చుటకు పట్టిన కాలము పది నిమిషములు.