కొలతకు చేయించుకునే సైకిలు: ఉక్కా, టైటానియమా?

"ఆస్పత్రికి సైకిలు మీద వెళ్తున్నాను" అంటే మనవాళ్ళలో చాలామంది ముందు జాలిపడతారు. తర్వాత "కారు రిపేరుకిచ్చారా?" అని అడుగుతారు. ఆ సైకిలు కూడా కొలతలిచ్చి ప్రత్యేకంగా చేయించుకోబోతున్నానంటే జాలి కాస్తా అనుమానంగా మారుతుంది. "అంత డబ్బు సైకిలుకు పోసే బదులు బంగారం కొనుక్కోవచ్చు కదమ్మా!" అన్న పెద్దలున్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఈ నెల మన పత్రికలో దానికి వివరంగా జవాబు చెబుదామనుకున్నాను.

నేను ఎముకల డాక్టరును. విశాఖపట్నంలో ఎం.బి.బి.ఎస్. చదివి వచ్చి, ఇంగ్లండు మధ్యప్రాంతంలో ఒక ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. ఇంటికీ ఆస్పత్రికీ ఆరు మైళ్ళు. నా ఎత్తు సరిగ్గా అయిదడుగులు. ఈ చివరి రెండు సంగతులే ఈ వ్యాసానికి మూలం.

సైకిలు ఎందుకన్నది ముందు చెప్పాలి. మనకు చక్కెర వ్యాధి తొందరగా వస్తుందని ఇంటింటి అనుభవమే చెబుతుంది. తెల్లవాళ్ళకు బి.ఎమ్.ఐ. 25 దగ్గర చేసే హెచ్చరిక దక్షిణాసియా వాళ్ళకు 23 దగ్గరే చేయాలని 2013లో ఇక్కడి నైస్ సంస్థ డాక్టర్లకు సూచించింది. అంటే పొట్ట కనిపించకముందే మనకు ప్రమాదం మొదలవుతున్నదన్నమాట. గ్లాస్గో విశ్వవిద్యాలయంవారు రెండున్నర లక్షలమందికి పైగా జనాన్ని కొన్నేళ్ళపాటు గమనించి 2017లో ఫలితాలు ప్రకటించారు. పనికి సైకిలు మీద వెళ్ళేవాళ్ళలో మరణాల రేటు, కార్లలో బస్సుల్లో వెళ్ళేవాళ్ళకంటె 41 శాతం తక్కువగా కనిపించింది. సైకిలు తొక్కేవాళ్ళు మొదటినుంచీ ఆరోగ్యవంతులై వుండవచ్చు గనుక అంతా సైకిలు మహిమే అనడానికి వీల్లేదు. కాని పొగతాగడం, తిండి వంటివి లెక్కలో సర్దిన తర్వాత కూడా మిగిలిన తేడా అది.

అయితే ఈ లాభం తొక్కే సైకిలుకే గాని, గ్యారేజీలో పాత సూట్‌కేసుల పక్కన ఆనుకుని వున్న సైకిలుకు రాదు. మన ఇళ్ళల్లో అలా ఆనుకున్న సైకిళ్ళు ఎన్ని వున్నాయో ఎవరికి వారే లెక్కపెట్టుకోవచ్చు. వాటిలో చాలావాటికి వచ్చిన జబ్బు బద్ధకం కాదు, కొలత కుదరకపోవడం.

ముందు కొలత, తర్వాత లోహం

దుకాణంలో దొరికే సైకిళ్ళు సగటు మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. అయిదడుగుల ఆడమనిషికి వాటిలో అన్నిటికన్న చిన్నది కూడా పెద్దదే అవుతుంది. హ్యాండిలు అందుకోవడానికి ముందుకు సాగాలి. దానితో మెడ, భుజాలు పట్టేస్తాయి. ముందు చక్రం పెద్దది గనుక మలుపులో బూటు కొన దానికి తగులుతుంది. పెడలు కాడ సాధారణంగా 170 మిల్లీమీటర్లు వుంటుంది. పొట్టి కాళ్ళవాళ్ళకు ప్రతి చుట్టులోనూ మోకాలు అవసరానికి మించి ముడుచుకుంటుంది. సీటు మరీ కిందికుంటే మోకాలి ముందు భాగం, మరీ పైకుంటే మోకాలి వెనక భాగం నొప్పెడతాయి. మోకాళ్ళ నొప్పితో నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సైకిలు తొక్కేవాళ్ళుంటే, ఎక్స్-రే రాయకముందు సీటు ఎత్తు అడుగుతాను.

కొలతకు ఫ్రేము చేసేవాడు మన కాలి పొడవు, మొండెం, చేయి, భుజాల వెడల్పు విడివిడిగా కొలిచి, చిన్న చక్రాలు వాడి, గొట్టాల పొడవులూ కోణాలూ మనకు తగినట్టు కోస్తాడు. రెడీమేడు జాకెట్టుకూ, దర్జీకి ఆది ఇచ్చి కుట్టించుకున్న జాకెట్టుకూ ఎంత తేడా వుందో ఇక్కడా అంతే. గుడ్డ ఏదైనా కుట్టు కుదరకపోతే ఆ జాకెట్టు పెట్టెలోనే వుంటుంది. ఆరడుగులకు కాస్త తక్కువున్న మగవాళ్ళలో చాలామందికి ఈ బాధ లేదు. దుకాణంలో దొరికేదే సరిపోతుంది.

కొలతలు కుదిరాయనుకుందాం. అప్పుడు ఫ్రేము చేసేవాడు అడిగే ప్రశ్న: "ఉక్కా, టైటానియమా?"

రెండు లోహాల గుణాలు

ఘన సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాముల బరువుంటుంది, టైటానియం 4.5 గ్రాములు. ఇది వినగానే మనసు టైటానియం వైపు మొగ్గుతుంది. కాని వంగకుండా నిలబడే బిగువులోనూ టైటానియం ఉక్కులో సుమారు సగమే. అందుచేత అదే లావు గొట్టంతో చేస్తే ఫ్రేము ఊగుతుంది. దీనికి మార్గం గొట్టాన్ని లావు చేయడం. గొట్టం మందం మార్చకుండా వ్యాసాన్ని నాలుగోవంతు పెంచితే చాలు, బిగువు దాదాపు రెట్టింపవుతుంది. 28.6 మిల్లీమీటర్ల ఉక్కు గొట్టం చేసే పనిని 36 మిల్లీమీటర్ల టైటానియం గొట్టం చేయగలదు. బరువు నాలుగోవంతుకు పైగా తగ్గుతుంది.

కాగితం మీద లెక్క ఇది. నిజంలో తేడా ఇంకా తక్కువ, ఎందుకంటే మంచి ఉక్కు గొట్టాలను చాలా పలుచగా లాగగలరు. గొట్టం కొసల్లో, అంటే అతికేచోట మందంగా వుంచి, నడుమ పలుచన చేసే పద్ధతికి బర్మింగ్‌హామ్‌లో రేనాల్డ్స్ వారు 1897లోనే పేటెంటు తీసుకున్నారు. 1935లో వాళ్ళే తెచ్చిన 531 రకం గొట్టాలు కొన్ని తరాలపాటు సైకిలు ప్రపంచాన్ని ఏలాయి. ఇప్పటి మేలురకం ఉక్కులు అంతకంటె గట్టివి. అందుచేత నాలాంటి చిన్న మనిషి ఫ్రేములో రెండు లోహాలకూ తేడా సుమారు అరకిలో దగ్గర తేలుతుంది. అరలీటరు మంచినీళ్ళ సీసా బరువెంతో అంత. మనిషి, సైకిలు, సంచీ, మధ్యాహ్నం పులిహోర డబ్బా అన్నీ కలిపి డెబ్భై కిలోలు తొక్కేటప్పుడు అది ఒక శాతం కూడా కాదు.

"టైటానియం మెత్తగా వుంటుంది, ఉక్కుకు ప్రాణం వుంటుంది" వంటి మాటలు వినిపిస్తాయి. గతుకుల్ని మింగేది ఎక్కువగా ఫ్రేము కాదు, టైరు. వెడల్పాటి టైరు వేసి గాలి కాస్త తగ్గించి చూడండి. ఏ లోహమూ ఇవ్వలేని సుఖం దొరుకుతుంది. లోహపు పేరుకన్న, దాన్ని ఎంత లావున, ఎంత పలుచన, ఏ కోణంలో అతికారన్నదే ముఖ్యం.

మా శస్త్రచికిత్స గదిలోనూ ఈ రెండు లోహాలే వుంటాయి. తొడ ఎముక విరిగితే లోపల దూర్చే కడ్డీలు ఎక్కువగా టైటానియం మిశ్రలోహానివి. తుంటి విరిగినప్పుడు బిగించే మరలు, పట్టీలు చాలావరకు తుప్పుపట్టని ఉక్కువి. ఎముకతో పోలిస్తే ఉక్కు సుమారు పదిరెట్లు బిరుసు, టైటానియం ఆరురెట్లు. బిరుసైన లోహం బరువంతా తానే మోసేస్తే పక్కనున్న ఎముక పనిలేక బలహీనపడుతుంది. అందుకని కొన్నిచోట్ల టైటానియం మేలు. "ఒంట్లో పెట్టేంత మంచిదైతే సైకిలుకు ఇంకెంత మంచిదో" అని మురిసిపోనక్కరలేదు. సైకిలు ఫ్రేముకు పక్కన కాపాడవలసిన ఎముక లేదు. పైగా సైకిలు గొట్టాలకు సాధారణంగా వాడేది వేరే మిశ్రమం: అల్యూమినియం 3 శాతం, వెనేడియం 2.5 శాతం కలిపినది. విమానాల్లో ద్రవపీడన గొట్టాలకోసం తయారైన ఆ రకంతోనే 1986 తర్వాత అమెరికాలో మెర్లిన్, లైట్‌స్పీడ్ వంటి సంస్థలు టైటానియం సైకిళ్ళకు పేరు తెచ్చాయి.

తుప్పు, అతుకు, మరమ్మతు

టైటానియానికి అసలైన గెలుపు తుప్పు దగ్గర. గాలి తగలగానే దానిమీద పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. గీత పడితే మళ్ళీ దానంతటదే కమ్ముకుంటుంది. రంగు అక్కరలేదు. ఇక్కడ శీతాకాలంలో రోడ్లమీద గనుల ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు ఉక్కుకు శత్రువు. రంగు లేచినచోటా, గొట్టాల లోపలా తుప్పు మొదలవుతుంది. అయితే దీనికి చికిత్స కష్టం కాదు. కొత్తలోనే గొట్టాల లోపల మైనంలాంటి నూనె పూయించాలి. చలికాలంలో వారానికొకసారి గోరువెచ్చని నీళ్ళతో కడగాలి. రంగు లేచినచోట వెంటనే పూయాలి. రాత్రంతా వానలో బయట కట్టేసి వుంచే సైకిలుకైతే ఇంత శుశ్రూష ఎవరు చేస్తారు? అటువంటివాళ్ళకు టైటానియం తగినది. సీటు కాడకు గ్రీజు మాత్రం ఏ లోహపు ఫ్రేములోనైనా పెట్టాలి. లేకపోతే లోపల పట్టేసి ఊడిరాదు.

అతుకు దగ్గర లెక్క తారుమారవుతుంది. ఉక్కును ఇత్తడితోనో వెండి మిశ్రమంతోనో మాటు వేయవచ్చు, వెల్డింగు చేయవచ్చు. ఒక గొట్టం సొట్టపోతే అదొక్కటే కోసి మార్చవచ్చు. టైటానియం వేడెక్కినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని పెళుసైపోతుంది. గొట్టం పైనా లోపలా కూడా ఆర్గాన్ వాయువు నింపి, మా ఆపరేషను గదంత శుభ్రంగా వుంచి వెల్డింగు చేయాలి. అతుకు వెండిరంగులోనో లేత గడ్డిరంగులోనో మెరిస్తే పని బాగుందని లెక్క. నీలమో బూడిదరంగో కనిపిస్తే అనుమానించాలి. లోహాలకూ అలసట వుంది. మంచి ఉక్కు, టైటానియం రెండూ ఒక హద్దులోపల ఎన్ని లక్షలసార్లు వంచినా ఓర్చుకుంటాయి. కాని అతుకు చెడితే ఆ ఓర్పు అక్కడే తెగిపోతుంది. కాబట్టి టైటానియం కొనేవాళ్ళు లోహాన్ని కాదు, వెల్డింగు చేసే చేతిని కొంటున్నామని గుర్తుంచుకోవాలి.

ఈ రెండు లోహాలూ మనకు పరాయివి కావు. పాత రోజుల్లో డమాస్కస్ కత్తులకు వెళ్ళిన మూస ఉక్కు తయారైన ఊళ్ళలో నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఒకటి. ఇంగ్లీషువాళ్ళు దాన్ని పిలిచిన "ఊట్జ్" అన్న పేరు, మనమూ కన్నడిగులూ వాడే "ఉక్కు" అన్న మాటనుంచే వచ్చిందంటారు. ఇక టైటానియం ఖనిజం భీమునిపట్నం సముద్రపు ఇసకలో వుంది. 1973లో హైదరాబాదులో నెలకొల్పిన మిశ్ర ధాతు నిగమ్ ప్రత్యేక ఉక్కులూ టైటానియం మిశ్రమాలూ రెండూ చేస్తున్నది.

చివరికి ఏది?

టైటానియం ఫ్రేము ఖరీదు నేను అడిగినచోట్ల ఉక్కు ఫ్రేముకు దాదాపు రెట్టింపు చెప్పారు. నా వరకు నిర్ణయం ఇక్కడే జరిగింది. మా మామగారికి యాభై రెండో ఏట గుండెపోటు వచ్చింది. మావారి హెచ్‌బిఎ1సి ఈ ఏడాది 44 వుంది. ఇక్కడి లెక్కలో 42 నుంచి 47 వరకు చక్కెర వ్యాధి గడపలో నిలబడ్డట్టు. ఆయనది అయిదడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తు, దుకాణంలో సైకిలు సరిపోతుంది. ఒక టైటానియం ఫ్రేముకు పెట్టే డబ్బుతో నాకు కొలతకు చేసిన ఉక్కు ఫ్రేమూ, ఆయనకు ఒక మంచి రెడీమేడు సైకిలూ వస్తున్నాయి. అరకిలో బరువు నేను మోస్తాను. ఆయన ఒంట్లో దిగవలసిన బరువు అంతకంటె ఎక్కువ. గ్యారేజీ వుంది గనుక తుప్పు సంగతి చూసుకోగలను. ఎప్పుడైనా విశాఖకు తిరిగి వెళ్ళిపోతే, అక్కడ ఉక్కును మాటు వేయగల చేతులకు కొదవ లేదు. వెళ్తామా అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకు మనలో ఎవరిదగ్గరా జవాబు లేదు.

మీ లెక్క వేరు కావచ్చు. సైకిలు బయటే వుంచక తప్పనివాళ్ళు, మూడో అంతస్తుకు మోసుకెళ్ళవలసినవాళ్ళు, కడగడం, రంగు వేయడం తమవల్ల కాదని తెలిసినవాళ్ళు, డబ్బుకు వెసులుబాటు వుంటే టైటానియం తీసుకోవచ్చు. నమ్మకమైన చేతిని వెతుక్కోండి. మిగిలినవాళ్ళకు మంచి ఉక్కు చాలు. కొలత కుదిరేవాళ్ళు దుకాణంలో దొరికేదే కొని, మిగిలిన డబ్బుతో మంచి దీపాలు, మడ్‌గార్డులు, వెడల్పు టైర్లు వేయించండి. ఉద్యోగులకు జీతంలో పన్నుకు ముందే సైకిలు డబ్బు మినహాయించే పథకం ఇక్కడ 1999 నుంచి వుంది. మీ ఆఫీసులో పరిమితి ఎంతో కనుక్కోండి.

ఈసారి మన సంఘం సమావేశానికి టేపు తీసుకువస్తాను. గ్యారేజీలో ఆనుకున్న సైకిలు వున్నవాళ్ళు దాన్ని కారులో వేసుకుని రండి. భోజనాలకు ముందే సీటు ఎత్తు సరిచేద్దాం. భోజనాలయ్యాక తొక్కడం డాక్టరుగా నేను సిఫార్సు చేయను.