మన 5కే పరుగు: మీరు కట్టిన 30 డాలర్లు ఊళ్ళో పిల్లల ఫీజు దాకా ఎలా వెళ్తాయి?

శనివారం పొద్దున్నే పార్కులో మన తెలుగువాళ్ళంతా చేరతారు. ఛాతీ మీద నంబరు, చేతిలో అరటిపండు. 5కే అంటే 5 కిలోమీటర్లు, ఇక్కడి లెక్కలో 3.1 మైళ్ళు. పరిగెత్తేవాళ్ళు పరిగెత్తుతారు, మిగతావాళ్ళం స్ట్రోలర్ తోసుకుంటూ నడుస్తాం. "ఈ డబ్బుతో ఊళ్ళో పేదపిల్లల్ని చదివిస్తాం" అని మైకులో చెప్తారు. అందరం చప్పట్లు కొడతాం. ఆ తర్వాత డబ్బు ఏమైందని అడగడానికి మాత్రం మొహమాటం. ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నది ఆ సంగతే. ఇక్కడ లెక్కలతో సహా చూద్దాం.

ముందు అవసరం ఎంతో చూద్దాం. తెలంగాణలో ఇంజనీరింగ్ చేరిన బీసీ పిల్లల్లో 10,000 ర్యాంకు దాటినవాళ్ళకి ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద ప్రభుత్వం ఏడాదికి 35,000 రూపాయల దాకానే ఇస్తూ వచ్చింది. కాలేజీ ఫీజు లక్ష అనుకోండి, మిగతా 65,000 ఇంటివాళ్ళే కట్టాలి. కౌన్సెలింగ్‌లో సీటు వచ్చినా, గడువులోపు కట్టాల్సింది కట్టకపోతే సీటు పోతుంది. అందుకే డబ్బు ఎంత వచ్చిందన్నదే కాదు, ఎప్పుడు చేరిందన్నదీ ముఖ్యమే.

ఇప్పుడు పరుగు లెక్క. ఉదాహరణకి 200 మంది తలా 30 డాలర్లు కట్టారనుకుందాం. మొత్తం 6,000. టీషర్టులకి 1,600, టైమింగ్ చిప్పులూ నంబర్లకి 800, పార్కు పర్మిట్, ఇన్సూరెన్స్ కలిపి 600, నీళ్ళూ పళ్ళూ మెడల్స్‌కి 400. ఖర్చు 3,400 పోగా మిగిలేది 2,600. డాలరు 85 రూపాయలు అనుకుంటే 2,21,000. అంటే ముగ్గురు పిల్లలకి ఆ 65,000 చొప్పున సరిపోతుంది.

అదే ఖర్చంతా ఏ రియల్టరో, రెస్టారెంటువాళ్ళో స్పాన్సర్ చేశారనుకోండి. మొత్తం 6,000 స్కాలర్‌షిప్పులకే వెళ్తుంది, ఏడుగురికి వస్తుంది. టీషర్టు వద్దన్నవాళ్ళు ఎక్కువైనా ఎంతో కొంత పెరుగుతుంది. మనం ఎంత వేగంగా పరిగెత్తామన్నదానికంటే ఈ లెక్కే పిల్లలకి ఎక్కువ పనికొస్తుంది.

తర్వాత టాక్స్ సంగతి. నిర్వహించే సంస్థకి 501(సి)(3) గుర్తింపు ఉంటేనే మీ విరాళానికి మినహాయింపు అడగొచ్చు. ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో సంస్థ పేరు కొట్టి చూస్తే తెలిసిపోతుంది. కట్టిన 30 మొత్తం విరాళం కాదు. 10 డాలర్ల విలువైన టీషర్టు తీసుకుంటే 20 మాత్రమే విరాళం కింద లెక్క. ఇంకోటి, "మా పెద్దనాన్న మనవడికే ఇవ్వండి" అని పేరు పెట్టి ఇస్తే అది విరాళం కిందకి రాదు. ఎవరికివ్వాలో సంస్థే అందరికీ ఒకే నియమంతో ఎంచుకోవాలి. మీ కంపెనీలో మ్యాచింగ్ ఉందేమో కూడా కనుక్కోండి.

అసలు చిక్కు డబ్బు ఇండియాకి పంపేటప్పుడు వస్తుంది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఏదైనా ట్రస్టుకి పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారి ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్ళు పంపితే మాత్రం విదేశీ విరాళమే. అమెరికా సంస్థ పంపినా అంతే, పరిగెత్తినవాళ్ళందరికీ ఇండియన్ పాస్‌పోర్టే ఉన్నా సరే. అప్పుడు అక్కడి ట్రస్టుకి ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020లో చట్టం మార్చాక ఆ డబ్బు ముందుగా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఎఫ్‌సీఆర్ఏ ఖాతాలోనే పడాలి. అక్కడి నుంచి ఇంకో సంస్థకి మళ్ళించడానికి వీల్లేదు. ఇది చూసుకోకపోతే జూన్‌లో పోగుచేసిన డబ్బు ఆగస్టులో కూడా ఇక్కడే ఉంటుంది.

గల్ఫ్‌లో వింటున్న అన్నలకీ అక్కలకీ ఒక మాట. ఇదే పని అక్కడ ఇలాగే చేయకండి. యూఏఈలో 2021 చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న సంస్థలే విరాళాలు సేకరించాలి. మనం సొంతంగా వాట్సాప్ గ్రూపులో చందా అడిగినా భారీ జరిమానా, జైలు దాకా వెళ్ళొచ్చు. ఊళ్ళో మీ బంధువుల పిల్లాడి ఫీజుకి మీ జీతంలోంచి మీరు పంపడం వేరు, పదిమంది దగ్గర వసూలు చేసి పంపడం వేరు.

ఈసారి రిజిస్ట్రేషన్ ఫారం వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. ఖర్చులు ఎవరు భరిస్తున్నారు? పిల్లల్ని ఎలా ఎంచుకుంటారు? డబ్బు ఏ దారిన, ఏ నెలకల్లా చేరుతుంది? ఫీజు కట్టాల్సింది కాలేజీకా, పిల్లల ఖాతాకా, రసీదు చూపిస్తారా? అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. నిజాయితీగా చేసేవాళ్ళు ఇలా అడిగేవాళ్ళ కోసమే ఎదురుచూస్తుంటారు. జవాబులు బాగుంటే మీరు కట్టడమే కాదు, ఇంకో ఇద్దర్ని కూడా తీసుకెళ్ళండి.